జబ్బుతో, పిల్లలతో రచనా కోర్సు కొనసాగించడం గురించి

మీ ఉత్తరంలో, ఆరేళ్లుగా లూపస్‌కు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) మందులు వాడుతూ, ఇద్దరు చిన్నపిల్లలను చూసుకుంటూ, రెండేళ్ల సృజనాత్మక రచన కోర్సులో రెండో సెమిస్టర్ చదువుతున్నానని రాశారు. ఒక కథ, ఒక కవితల గుచ్ఛం, ఒక విమర్శ వ్యాసం, మొత్తం మూడు అసైన్‌మెంట్లు బాకీ పడ్డాయనీ, ఇంట్లోవాళ్లు "ఆరోగ్యం కన్నా ఇదెక్కువా" అంటున్నారనీ, మానేయడమా, ఎలాగోలా నెట్టుకురావడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాననీ చెప్పారు. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు జబ్బు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. జబ్బు మొదలైన మరుసటి ఏడాదే ఇలాంటి కోర్సులో చేరాను, అప్పటికి మా పెద్దపిల్లకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. రెండేళ్లలో ముగియవలసిన చదువు నాకు నాలుగేళ్లు పట్టింది. పదకొండేళ్లుగా అదే విద్య నేర్పుతున్నాను, మీలాంటి విద్యార్థులను చాలామందిని దగ్గరగా చూశాను. నేను వైద్యురాలిని కాను కనుక మందుల విషయంలో, విశ్రాంతి విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట. మిగిలిన వాటి గురించి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా మీ ప్రశ్నకు సూటిగా జవాబు. మానేయకండి, అలాగని ఇప్పుడున్న లెక్కలో కొనసాగించనూ వద్దు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీకు తగ్గింది రాయాలన్న కోరిక కాదు, రాయగల శక్తీ కాదు. ఆరోగ్యంగా ఉన్న, ఇంటి బాధ్యతలు పెద్దగా లేని విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని వేసిన కాలపట్టికలో మీరు ఇమడలేకపోతున్నారు, అంతే. ఆ పట్టికను మార్చుకోవడానికి చాలా సంస్థలలో దారి ఉంటుంది, కాకపోతే అడిగినవాళ్లకే అది కనిపిస్తుంది.

మనలాంటివాళ్లం చేసే మొదటి పొరపాటు ప్రణాళిక వేసుకునే రోజులోనే ఉంటుంది. ప్రణాళిక వేయాలన్న ఉత్సాహం ఒంట్లో బాగున్న రోజునే పుడుతుంది. ఆ రోజున రోజుకు రెండు గంటలు రాయడం ఏమంత పని అనిపిస్తుంది, వచ్చే నెలకు రెండు కథలు ఇస్తామని మాట ఇచ్చేస్తాం. తరువాతి వారం కీళ్లు పట్టేస్తాయి, జ్వరం తగులుతుంది, పిల్లవాడికి దగ్గు మొదలవుతుంది, ఇచ్చిన మాట మెడకు చుట్టుకుంటుంది. అందుకే కోర్సులో చేరిన ఎవరికైనా నేను మొదట చెప్పే పని రాయడం కాదు, లెక్క రాసుకోవడం. నాలుగు వారాలపాటు ప్రతి రాత్రీ ఒక్క అంకె వేసుకోండి: ఈరోజు పుస్తకంతోనో కాగితంతోనో నిజంగా ఎన్ని నిమిషాలు కూర్చోగలిగాను? ఎందుకు కూర్చోలేకపోయానన్న వివరణ అక్కరలేదు, అంకె చాలు. నేను మొదటిసారి అలా వేసుకున్నప్పుడు ఇరవై ఎనిమిది రోజులలో పదకొండు బాగున్న రోజులు, తొమ్మిది మధ్యస్థంగా గడిచినవి, ఎనిమిది కలం పట్టుకోలేనివి తేలాయి. అప్పటివరకూ నెలలో మూడు నాలుగు రోజులే పాడవుతున్నాయని నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను. ఆ కాగితం చూశాక, సంస్థకైనా ఇంట్లోవాళ్లకైనా మధ్యస్థంగా ఉండే రోజును బట్టే మాట ఇవ్వడం నేర్చుకున్నాను. బాగున్న రోజున అదనంగా సమకూరినది నాకు మిగులు, దాన్ని ఎవరికీ ముందే రాసి ఇవ్వను.

మన భాషలో ఓపిక అన్న మాటకు శక్తి అనీ సహనం అనీ రెండర్థాలున్నాయి. మొదటిది అయిపోతే రెండోది కూడా అయిపోతుందని జబ్బుపడ్డవాళ్లకు చెప్పనక్కరలేదు. పిల్లల మీద అరిచేశానని మీరు బాధపడ్డ ఆ సాయంత్రాలు చాలావరకు ఒంట్లో శక్తి అడుగంటిన సాయంత్రాలే అయి ఉంటాయి. ఇదే విషయాన్ని వివరించడానికి, తానూ లూపస్‌తో ఉన్న క్రిస్టీన్ మిజరాండినో అనే అమెరికన్ రచయిత్రి 2003లో చెంచాల పోలిక చెప్పారు. రోజుకు చేతిలో ఇన్ని చెంచాలే ఉంటాయి, స్నానానికొకటి, వంటకొకటి ఇచ్చుకుంటూ పోతే సాయంత్రానికి చేయి ఖాళీ అవుతుంది. ఆ పోలికలో రచన చదివేవారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. కూర్చుని రాయడం కదా, ఇందులో శ్రమేముంది అని చుట్టూ ఉన్నవాళ్లూ మనమూ అనుకుంటాం, కానీ లేనిదాన్ని ఊహించి వాక్యంలోకి తేవడం మనసుకు బరువులు మోయడం లాంటిదే. దానికీ చెంచాలు కేటాయించాలి, ముందుగానే కేటాయించాలి.

బాగున్న రోజున ఒళ్లు హూనం చేసుకుని, ఆ తరువాత నాలుగు రోజులు మంచం పట్టే వరుస మీకు తెలిసే ఉంటుంది. దాన్ని తప్పించడానికి శక్తిని సమంగా పంచుకునే పద్ధతిని పేసింగ్ అంటారు. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, అంటే దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవారిలో శ్రమ ఫలితం అప్పటికప్పుడు కాక ఒకటి రెండు రోజుల తరువాత విరుచుకుపడవచ్చు. క్రమంగా శ్రమ పెంచుకుంటూ పొమ్మనే వ్యాయామ చికిత్సను ఆ జబ్బుకు వాడవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో పేర్కొంది. లూపస్ వేరు, అందులో డాక్టరు చెప్పిన మేరకు వ్యాయామం మేలు చేస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే అదే అలవాటవుతుందన్న సలహా ప్రతి ఒంటికీ నప్పదు. మీ ఒంటికి నప్పే మోతాదు మీ నాలుగు వారాల అంకెలలోనే ఉంటుంది.

సలహాల మాట వచ్చింది కనుక ఇంకొకటి. తెల్లవారుజామున లేచి రాయండి, ఇల్లు నిద్రపోతున్నప్పుడే మీ సమయం అని రచన నేర్పేవారు చాలామంది చెబుతారు. అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మారిసన్ ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతూ, ఉద్యోగం చేస్తూ, తెల్లవారకముందే లేచి రాసేవారన్నది నిజమే. కానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి పొద్దున లేచాక తరచుగా గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ గంటలో చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టం, ఇక కలం సంగతి చెప్పేదేముంది. నేను రెండేళ్లు ఆ సలహా పట్టుకుని వేలాడాను, రాయలేకపోయిన ప్రతి ఉదయమూ నాలో క్రమశిక్షణ లేదనుకున్నాను. తీరా నా వేళ్లు వదులయ్యేది పదకొండు గంటల ప్రాంతంలో అని తేలింది. మీరు స్టెరాయిడ్లు వాడుతుంటే వాటిని సాధారణంగా ఉదయంపూటే వేసుకోమంటారు, పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర చెడుతుంది. మందు వేసుకున్నాక మీకు బుర్ర ఏ వేళ తేటగా ఉంటుందో, ఏ వేళ మసకబారుతుందో పది రోజులు గమనించండి. మరొక చిన్న విషయం: మీ బల్ల కిటికీ పక్కన ఉందని రాశారు. లూపస్‌లో అతినీలలోహిత కిరణాలు జబ్బును రేపగలవు, వాటిలో యూవీ-ఏ కిరణాలు మామూలు కిటికీ అద్దం గుండా లోపలికి వస్తాయి. నేరుగా ఎండ పడుతుంటే బల్లను గోడవైపుకు జరపండి, లేదా మందపాటి తెర వేయించుకోండి.

చదువు మొత్తాన్నీ ఒకే పనిగా చూడకండి. కొత్తగా రాయడం, రాసినదాన్ని తిరగరాయడం, చదవడం, తోటివారి రచనల మీద అభిప్రాయం చెప్పడం, అచ్చుతప్పులు దిద్ది పంపడం, వీటన్నిటికీ కావలసిన ఓపిక ఒకటి కాదు. నాకు కొత్తగా రాయడానికి బాగున్న రోజే కావాలి, తిరగరాయడానికి మధ్యస్థంగా ఉన్న రోజు చాలు. కలం పట్టలేని రోజున చెవులు పనిచేస్తాయి కనుక పాఠ్యపుస్తకాలను ఫోనుచేత చదివించుకుని వింటాను. మీకు ఈ వరుస తారుమారు కావచ్చు. నా విద్యార్థిని ఒకామె నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడే మొదటి ప్రతి బాగా వస్తుందనేది, దిద్దడానికి మాత్రం తేటగా ఉండే బుర్ర కావాలనేది. ఎవరి వరుస వారు కనిపెట్టుకుని, ప్రతి పూటకూ సరిపడే పని ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. ఏం చేయాలో తేల్చుకోవడంలోనే ఉన్న కాస్త శక్తీ ఖర్చయిపోవడం మనకు జరిగే పెద్ద నష్టం.

ఇక అన్నిటికన్నా నాకు ఎక్కువ మేలు చేసిన అలవాటు ఇది. రాయడం ఆపే ముందు, ఎంత నొప్పిగా ఉన్నా, అట్టముక్క మీద లావు పెన్సిలుతో మూడు వాక్యాలు రాసి పుస్తకంలో పెడతాను. ఆ సన్నివేశం తరువాత ఏం జరగాలి, ఎవరికి ఏం తెలుసు, ఏం దాస్తున్నారు అన్నవే అందులో ఉంటాయి. ఒకసారి కథ మధ్యలో జబ్బు తిరగబెట్టి పదిహేడు రోజులు మంచం దిగలేదు. తిరిగి బల్ల దగ్గరకు వచ్చేసరికి ఆ కథ ఎవరో రాసినదానిలా ఉంది, పాత్రల పేర్లు కూడా తడుముకోవలసి వచ్చింది. పుస్తకంలోంచి అట్టముక్క జారిపడింది: "అతను ఉత్తరం చదవలేదు. చదివినట్టు నటిస్తున్నాడు. భార్యకు తెలుసు." ఆ మూడు వాక్యాలు పట్టుకుని పావుగంటలో కథలోకి వెళ్లిపోయాను. ఆరోగ్యవంతులకు రేపు అనేది ఖాయంగా ఉంటుంది కనుక కథ వాళ్ల తలలో నిలిచి ఉంటుంది. మనకు రేపు ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే కథను తలలో కాక కాగితం మీద దాచుకోవాలి.

కథా, కవితా, నవలా అని సాహిత్య ప్రక్రియను ఎంచుకునేటప్పుడు కూడా ఒంటిని అడగండి. ఇది రాజీపడటం కాదు, గొప్పవాళ్లు చేసిన పనే. అర్జెంటీనా రచయిత హోర్హే లూయిస్ బోర్హెస్‌కు 1955 నాటికి చదవడానికి వీలులేనంతగా చూపు పోయింది. అప్పుడాయన ఛందోబద్ధమైన కవిత్వం వైపు మళ్లారు, లయ ఉన్న పాదాలను కాగితం లేకుండా మనసులోనే కట్టి నిలుపుకోవచ్చు గనుక. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ ఇరవై ఏళ్లకే ఇద్దరు బిడ్డల తండ్రి, ఒకటి రెండు దఫాలుగా కూర్చుని ముగించగలిగినవే రాయగలిగానని, అందుకే కథలూ కవితలూ రాశానని ఆయనే చెప్పుకున్నారు. మన దగ్గర కవి అలిశెట్టి ప్రభాకర్ క్షయతో పోరాడుతూనే నాలుగైదు పాదాల మినీ కవితలు రాశారు, 1993లో కన్నుమూశారు. ఈ చివరి మాట కావాలనే చెబుతున్నాను. జబ్బు మనిషిని కవిని చేస్తుందని, బాధలోంచే గొప్ప సాహిత్యం పుడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మనిషికి వైద్యమూ తిండీ నిశ్చింతా దొరికి ఉంటే ఇంకెంత రాసేవారో అని ఆలోచించడమే సరైనది.

మీ జబ్బే ఉన్న అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఒకానర్ గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పాతికేళ్ల వయసులో లూపస్ బారిన పడి, 1964లో ముప్ఫై తొమ్మిదేళ్లకే మరణించేలోగా ఆమె రెండు నవలలు, ముప్ఫైకి పైగా కథలు రాశారు. రోజూ ఉదయం రెండు మూడు గంటలు రాసి, మిగిలిన పూటంతా ఒంటికి వదిలేసేవారు. ఆ క్రమాన్ని చూసి నేర్చుకోవచ్చు, కానీ ఆమెతో పోల్చుకుని కుంగిపోకండి. ఆమె తల్లిదగ్గర ఉండేవారు, ఇంటి వ్యవహారమంతా తల్లే చూసుకునేవారు, ఆమెకు పిల్లలు లేరు. మీకు దొరికే నలభై నిమిషాలను ఆమె మూడు గంటల పక్కన పెట్టడం న్యాయం కాదు.

వర్క్‌షాపు గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ, ఓపికను ఎక్కువగా పిండేసేది అదే. రెండు గంటలు ఒకే కుర్చీలో కూర్చుని, పదిమంది మీ కథ మీద అంటున్న మాటలు వింటూ, ముఖం మామూలుగా పెట్టుకుని ఉండటం ఒంటికీ మనసుకూ ఒకేసారి పరీక్ష. మీ రచన చర్చకు వచ్చే వారాన్ని ముందే తెలుసుకోండి, మరుసటి రోజు పని ఏదీ పెట్టుకోకండి. ఆన్‌లైన్‌లో హాజరు కావచ్చా, అభిప్రాయాలను రాతపూర్వకంగా ఇస్తారా, మధ్యలో లేచి నడవవచ్చా అని అడగండి. అడిగితే కాదనే గురువులు తక్కువ.

సంస్థతో మాట్లాడేటప్పుడు గడువు పొడిగింపు అడగడం దగ్గరే అందరూ ఆగిపోతారు, మీ విషయంలోనూ అదే జరిగింది. పొడిగించిన గడువు తరువాతి అసైన్‌మెంటు గడువు మీద వచ్చి కూర్చుంటుంది, అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసినట్టవుతుంది. దానికి బదులు సెమిస్టర్‌కు తీసుకునే సబ్జెక్టుల సంఖ్య తగ్గించమని, కోర్సు కాలాన్ని పెంచమని అడగండి. అలా మారితే స్కాలర్‌షిప్పుకో, ఫీజు రాయితీకో, బీమాకో, విదేశంలో చదువుతుంటే వీసాకో ఇబ్బంది వస్తుందేమో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి, నోటిమాట మీద ఆధారపడకండి. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి సర్దుబాట్లకు ఆధారం ఇస్తాయి. జబ్బు పేరు ఏ జాబితాలో ఉందన్న దానిలో దేశానికీ దేశానికీ తేడా ఉంటుంది, అయినా జాబితాలో పేరు లేనంత మాత్రాన అడగకూడదని లేదు.

డాక్టరు దగ్గర తీసుకునే ఉత్తరంలో జబ్బు పేరొక్కటే ఉంటే పని జరగదు. లూపస్ అన్న పేరు చూసి మీరు ఎంతసేపు కూర్చోగలరో కార్యాలయంలో ఎవరూ ఊహించలేరు. ఏకబిగిన ఎంతసేపు కూర్చోగలరు, టైపు చేయగలరు, జబ్బు ఎన్నాళ్లకోసారి తిరగబెడుతోంది, ఎన్ని రోజులు ఉంటోంది, అది ముందుగా తెలిసే అవకాశం లేదు అన్న నాలుగు విషయాలు ఆ ఉత్తరంలో ఉండేట్టు చూడండి. నేను మొదటిసారి ఇచ్చిన ఉత్తరంలో రోగనిర్ధారణ ఒక్కటే ఉంది, ఆ అర్జీ మూడు నెలలు కదల్లేదు. రెండో ఉత్తరానికి పది రోజుల్లో జవాబు వచ్చింది.

ఇంటి సంగతి అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరూ శత్రువులు కారు. "ఆరోగ్యం కన్నా ఇదెక్కువా" అన్న మాటలో భయం ఉంది, మీరు మళ్లీ ఆసుపత్రి పాలవుతారేమోనన్న దిగులు ఉంది. దానికి "నాకు రాయడం ప్రాణం" అని జవాబిస్తే ఆ భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. మీ నాలుగు వారాల అంకెల కాగితం వాళ్ల ముందు పెట్టండి. ఇన్ని రోజులు ఇంత పని, ఈ గీత దాటితే ఆపేస్తాను అని చెప్పండి, దాటిన రోజున నిజంగానే ఆపేయండి. ఆ తరువాత సాయం కావాలని మొత్తంగా అడగకుండా, మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా పిల్లల బాధ్యత పూర్తిగా మీదని మీ భర్తగారిని పేరుపెట్టి, గడియారం పెట్టి అడగండి. వీలున్నప్పుడు చూస్తానన్న మాటలో ఆ వీలు ఎప్పుడో కనిపెట్టే పని కూడా మళ్లీ మీ మీదే పడుతుంది.

పిల్లలకు గంటలు అర్థం కావు, వెలుతురు అర్థమవుతుంది. మా ఇంట్లో నా బల్ల మీది దీపం వెలుగుతుంటే అమ్మ రాస్తోందని, ఆరితే రావచ్చని ఒప్పందం. వంట ఆలస్యమైనా సరే, ఇరవై ఐదు నిమిషాలకు మించి వెలిగించేదాన్ని కాదు, ఎందుకంటే మూడేళ్ల పిల్లవాడు అంతకన్నా ఎక్కువసేపు ఆగలేడు. వాడు గుమ్మంలో కూర్చుని దీపం వైపే చూసేవాడు. ఒకరోజు నొప్పితో నేను దీపం ఆర్పకుండానే బల్ల మీద తల వాల్చేస్తే, వాడు మెల్లగా వచ్చి దీపం ఆర్పి, నా భుజం మీద చేయి వేసి, "ఇప్పుడు రాయట్లేదు కదా" అన్నాడు. పిల్లలు మన చదువు వల్ల నష్టపోతున్నారని మీరు రాశారు. ఆ రోజు తరువాత ఆ మాట నేను అంత సులువుగా అనలేకపోయాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీ జబ్బు గురించి తెలియగానే దాని గురించే రాయమని అడిగేవారు ఉంటారు, అది మీకున్న ప్రత్యేకమైన సరుకు అన్నట్టు మాట్లాడతారు. రాయాలనిపిస్తే రాయండి, కానీ అది మీరు చెల్లించవలసిన బాకీ కాదు. పొద్దంతా జబ్బుతో గడిపినవారికి ఆ కాసేపు సముద్రం గురించో, దొంగల గురించో రాయాలనిపించడం సహజం. అలాగే ఇంట్లోవాళ్లను కథలోకి తెచ్చేటప్పుడు, ఎదుగుతున్న పిల్లలు పదేళ్ల తరువాత అది చదువుతారని గుర్తుంచుకోండి. వర్క్‌షాపులో చూపించాలన్న తొందరలో వాళ్ల రహస్యాలు బయటపెట్టకండి.

ఇప్పుడు ఆ మూడు బాకీల మాట. మూడూ ఒకేసారి తీర్చాలనుకోవద్దు. కొత్తగా పుట్టవలసిన మూడు వేల పదాల కథను వచ్చే ఏడాదికి మార్చమని కోర్సు బాధ్యులకు ఉత్తరం రాయండి. పది కవితలలో ఆరు ఇప్పటికే నోటుపుస్తకంలో ఉన్నాయన్నారు, ఆ ఆరింటినీ దిద్ది, ఆరింటితోనే స్వీకరించగలరా అని అదే ఉత్తరంలో అడగండి. విమర్శ వ్యాసాన్ని టైపు చేయకుండా ఫోనులో వాయిస్ టైపింగుతో చెప్పండి, ఇరవై నిమిషాల చొప్పున నాలుగు పూటలలో మొదటి ప్రతి వస్తుంది. తప్పులు చాలా పడతాయి, వాటిని మధ్యస్థంగా ఉన్న రోజున దిద్దుకోవచ్చు. ఉత్తరం మాత్రం ఈ వారంలోనే వెళ్లాలి. దాన్ని ఒంట్లో బాగున్న పూట కాక మామూలుగా ఉన్న పూట రాయండి, బాగున్న పూట రాస్తే మళ్లీ ఎక్కువకు ఒప్పుకుంటారు.